మామయ్యగారి ఓమ్నీ: ఇంజన్ దించాలా, బండి అమ్మాలా?

కోనసీమ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఊరూ పేరూ వేయొద్దన్నారు. ఇంట్లో పూతరేకులు, సున్నుండలు, జంతికలు చేసి రావులపాలెం, తణుకు, రాజమండ్రి దుకాణాలకు వేస్తారట. సరుకు తిరిగేది 2009 మోడల్ మారుతి ఓమ్నీలో. నడిపేది ఆవిడే. బండి కొన్నది, ఆవిడకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది మామగారు. ఆయన పోయి ఏడాది దాటింది. మీటరు 1,64,000 కిలోమీటర్లు చూపిస్తోంది.

కిందటి మే నెలలో గౌతమి వంతెన మీద రేడియేటర్ పైపు పగిలి ఇంజన్ మరిగిపోయింది. పైపు మార్చి తిరుగుతున్నారు. ఆ తర్వాత నుంచి పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే గుప్పున నీలం పొగ. మొదట్లో రెండు నిమిషాలకు తగ్గిపోయేది. ఇప్పుడు లోడుతో వంతెన ఎక్కుతున్నా వెనక పొగే. 500, 600 కిలోమీటర్లకు లీటరు ఆయిల్ పోయాల్సి వస్తోంది. పోయిన నెల ఒక దుకాణం ఆయన పూతరేకుల పెట్టె తిప్పి పంపాడు, కమురు వాసన వస్తోందని.

ఇంట్లో తలా ఒక మాట. మెకానిక్ షెడ్డు నడిపే మరిది వరస అబ్బాయి "ఇంజన్ బోరుకొచ్చేసింది వదినా, దించాల్సిందే, 38,000 అవుద్ది" అన్నాడు. అంటే సిలిండర్ లోపలి గోడ అరిగింది, ఇంజన్ బయటికి తీసి విప్పి చేయాలని. భర్త "ముసలి ఇంజన్ మీద డబ్బు పోస్తే బూడిదలో పోసిన పన్నీరే" అంటున్నారు. మారుతి ఈకో వ్యాన్ సెకండ్ హ్యాండ్‌లో చూశారు. ముందు లక్ష, తర్వాత నెలకు 7,500 చొప్పున 36 నెలలు. అత్తగారు ఏమీ అనరు, బండి బేరానికి ఎవరైనా వస్తే మాత్రం లేచి లోపలికి వెళ్లిపోతారు. బ్రోకరు ఉన్నదున్నట్టుగా 40,000 అన్నాడు. పక్క ఊరి కొబ్బరికాయల వ్యాపారి, మామగారి స్నేహితుడే, బండి బాగుందనుకుని 65,000కి అడుగుతున్నాడు. మరిది గుసగుసగా ఇంకో దారి కూడా చెప్పాడు: చిక్కటి ఆయిల్ పోస్తే నెల దాకా పొగ కనపడదు, ఈలోగా ఆయనకు అంటగట్టేద్దామని. చేతికి 60,000 చీటీ రాబోతోంది. "ఏం చెయ్యమంటారో ఒక్క మాటలో చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

ఒక్క మాటలో చెప్పడానికి మీ ఉత్తరమే అడ్డం పడింది. మూడో పేజీలో ఒక వాక్యం అలా దాటేశారు: "ఆర్సీ ఇంకా మామయ్యగారి పేరు మీదే ఉంది, ఇన్సూరెన్స్ కూడా ఆయన పేరునే కడుతున్నాం." నేను అక్కడ ఆగిపోయాను. పొగ సంగతి రెండు వారాలు ఆగుతుంది. ఇది ఆగదు.

బండి యజమాని చనిపోతే ఆ సంగతి 30 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలపాలి. వారసులు మూడు నెలల దాకా బండి వాడుకోవచ్చు, ఆలోపు ఫారం 31 పెట్టి పేరు మార్పించుకోవాలి. ఇన్సూరెన్స్‌దీ అదే లెక్క. ఓనరు పోయిన రోజు నుంచి మూడు నెలలు లేదా పాలసీ గడువు ముగిసే రోజు, ఏది ముందైతే అంతవరకే. ఆ తర్వాత ఆయన పేరు మీదే డబ్బు కట్టి పాలసీ తెచ్చుకున్నారు కదా, అది ఉన్నట్టూ కాదు లేనట్టూ కాదు. కట్టించుకునేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. రేపు వంతెన మీద ఎవరికైనా తగిలితే అప్పుడు అన్నీ అడుగుతారు. రోజూ స్టీరింగ్ వెనక కూర్చునేది మీరు కాబట్టి చెబుతున్నాను.

మరణ ధృవీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, మిగతా వారసుల సమ్మతి కావాలి. మీ ఆడపడుచుగారి సంతకం కూడా అడుగుతారు, ముందే ఫోన్ చేసి చెప్పండి. సంతకానికి కాగితం తెచ్చాక చెబితే వేరేగా వినపడుతుంది. ఆలస్యానికి కొంత రుసుము పడుతుంది, పడనివ్వండి. ఎవరి పేరుకు మార్చాలన్నది మీ ఇంటి విషయమే కానీ, నడిపేది, సంపాదించేది మీరైనప్పుడు మీ పేరు అడగడంలో తప్పేమీ లేదు. అలాగే బండిలో తిరిగేది అమ్మకపు సరుకని ఇన్సూరెన్స్ ఏజెంటుకు నోటితో కాదు, కాగితం మీద చెప్పండి.

గమనించారా, ఈ పని బండి ఉంచుకున్నా తప్పదు, అమ్మినా తప్పదు. పోయినాయన పేరు మీద ఉన్న బండిని ఎవరూ సక్రమంగా కొనలేరు. "కాగితాలు తర్వాత చూసుకుందాం లెండి" అన్న బ్రోకరుకు ఇచ్చేశారనుకోండి, ఆ బండి ఎక్కడ ఏం చేసినా నోటీసు మీ గుమ్మానికే వస్తుంది. ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్నవాడే ఓనరని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. అంటే 40,000 బేరం కూడా ఈ వారం తెగేది కాదు. మీకు కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికిందన్నమాట. ఆ వ్యవధిలో ఇంజన్ సంగతి చూద్దాం.

పొగ రంగు అందరూ చూస్తారు. నేనైతే పొగ ఏ వేళప్పుడు వస్తుందని అడుగుతాను. రాత్రంతా నిలబడ్డ బండికి పొద్దున గుప్పున వచ్చి తగ్గిపోయే నీలం పొగ చాలాసార్లు వాల్వ్ సీల్స్‌ది. అవి చిన్న రబ్బరు ముక్కలు. వేడికి బిరుసెక్కితే రాత్రిపూట వాటి పక్కనుంచి ఆయిల్ బొట్టు బొట్టుగా సిలిండర్‌లోకి దిగుతుంది, పొద్దున్నే కాలిపోతుంది. లోడు మీద, ఎత్తు ఎక్కేటప్పుడు ఆగకుండా వచ్చే పొగ పిస్టన్ రింగులది, బోరుది. మొదటిదైతే సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్డు విప్పితే చాలు. రెండోదైతే ఇంజన్ దించాలి. ఖర్చులో మూడు నాలుగు రెట్ల తేడా.

మీకు రెండు రకాల పొగా వస్తోంది. కానీ రెండూ మొదలైంది మే నెలలో ఇంజన్ మరిగాక. ఒకసారి బాగా మరిగిన ఇంజన్‌లో హెడ్డు ఒంపు తిరగొచ్చు, వాల్వ్ సీల్స్ ఉడికిపోవచ్చు, రింగులు బిగువు కోల్పోవచ్చు. మూడూ కావచ్చు, ఒకటే కావచ్చు. మీ మరిది చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కాకపోతే అతను చెవితో విని, కంటితో చూసి చెప్పాడు. నాడి పట్టుకుని ఆపరేషన్ చెయ్యాలన్నట్టుంది. 38,000 పెట్టేముందు వెయ్యి, రెండు వేలు పెట్టి పరీక్ష చేయించుకోండి.

అడగాల్సింది కంప్రెషన్ టెస్టు. సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తుందో అందులో తెలుస్తుంది. మూడు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో గేజి పెట్టి సెల్ఫ్ కొడతారు. పెట్రోలు ఇంజన్‌లో 150 పీఎస్ఐ పైన ఉండి, మూడింటి మధ్య పదో వంతుకు మించి తేడా లేకపోతే బోరు ఇంకా బతికే ఉందని నేననుకుంటాను. 110 కిందకు దిగితే ఆశ వదులుకుంటాను. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్గు రంధ్రం గుండా ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. అంకె గబుక్కున పెరిగితే ఆయిల్ వెళ్లి రింగుల సందు మూసిందన్నమాట, లోపం కిందే ఉంది. పెరగలేదంటే గాలి పోతున్నది పైనుంచి, వాల్వుల దగ్గరో హెడ్ ప్యాకింగ్ దగ్గరో. ఇది మీ ఎదురుగా చేయించుకోండి, అంకెలు ఒక కాగితం మీద మీ చేత్తో రాసుకోండి. విప్పిన ప్లగ్గులు ఎన్ని ఆయిల్‌తో తడిసి నల్లబడ్డాయో కూడా చూడండి. మూడింట్లో ఒకటే తడిసిందంటే కథ వేరు.

ఇంకో రెండు మీరే చూడగలరు. ఇంజన్ ఎలాగూ మీ సీటు కిందే ఉంది కదా. సీటెత్తి, బండి ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయండి. పొగ బుసలు కొడుతూ పైకి తన్నితే రింగులు దాటి గాలి కిందికి వెళ్తోంది. మీ పూతరేకుల కమురు వాసనకు కూడా అనుమానం ఇక్కడే. ఆ సీటు కింద నుంచి వచ్చిన ఆవిరి క్యాబిన్‌లోకి చేరుతుంది. నెయ్యి రాసిన బియ్యపు రేకు వాసనను ఎంత తొందరగా పీలుస్తుందో మీకు నేను చెప్పాలా? మూత అడుగున పాల కాఫీ రంగు జిగురు కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తూ ఉండొచ్చు. అప్పుడు బండి కదపకండి. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ లైటు వెలగడం, లోపల టకటకమని కొట్టడం ఉంటే కూడా అంతే, కదపకూడదు.

లోపం పైనే అని తేలిందనుకుందాం. హెడ్డు విప్పి, లేతు షాపులో మట్టం చేయించి, వాల్వులు గ్రైండ్ చేసి, కొత్త సీల్స్, కొత్త ప్యాకింగ్ వేస్తారు. ఇదే పరిస్థితైతే నేను అమ్మకం ఊసే ఎత్తను.

లోపం కిందే అంటే ఇంజన్ దించాలి. అప్పుడు 38,000లో ఏమేమి వస్తాయో అడగండి. మీ ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, బోరు కొత్తలో 68.5 మిల్లీమీటర్లు. అరిగి కోలగా మారిన బోరును లేతు షాపులో కోసి గుండ్రం చేసి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో ఎక్కువున్న ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారు. పిస్టన్లు తిప్పే ఇరుసు, అదే క్రాంకు, కూడా కొలిచి, అవసరమైతే గ్రైండింగ్ చేసి, దానికి తగ్గ బేరింగులు వేయాలి. బోరు చేయకుండా కొత్త రింగులు మాత్రం తొడిగి "ఇంజన్ చేశాం" అనేవాళ్లు ఉన్నారు. అది ఆరు నెలల ముచ్చట. దించినప్పుడే ఆయిల్ పంపు, వాటర్ పంపు, టైమింగ్ బెల్టు, క్లచ్ ప్లేటు చూడాలి. తర్వాత వాటి కోసం మళ్లీ విప్పితే కూలీ రెండుసార్లు. అన్నిటికంటే ముందు రేడియేటర్. ఓమ్నీకి రేడియేటర్ ముందు, ఇంజన్ సీటు కింద, మధ్యలో పొడుగాటి పైపులు. మే నెలలో పైపు మార్చారు సరే, రేడియేటర్ లోపల పూడిక ఉంటే కొత్తగా చేసిన ఇంజన్ కూడా వచ్చే ఎండాకాలం అదే వంతెన మీద మరుగుతుంది. నేనైతే 38,000 అన్నచోట 48,000 పక్కన పెట్టుకుంటాను. మీ చీటీ దాటదు.

విడి భాగాలకు భయపడకండి. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయినా ఇదే ఇంజన్ మారుతి 800కీ ఉండేది, అందుకని రాజమండ్రిలో దొరక్కపోయినా విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతాయి. ఆల్టో పార్టులు అంటగట్టనివ్వకండి. అదీ 796 సీసీయే కానీ హెడ్డు వేరు, దానికి 12 వాల్వులు, మీదానికి 6. పాత ఇంజన్ ఒకటి తెచ్చి మార్చేస్తాననే మాట కూడా వస్తుంది. చవకే. అయితే ఆ ఇంజన్ ఏ బండిదో, ఎంత అరిగిందో, దొంగ సరుకో ఎవరికి తెలుసు? ఇంజన్ నంబరు మారితే ఆర్సీలో రాయించాలి. నాకు ఇష్టం లేని దారి.

ఇక మీ మరిది. ఉత్తరంలో సగం బాధ ఇదేననిపించింది. వేరే షెడ్డుకు తీసుకెళ్తే చుట్టరికం చెడుతుంది, అతనికే ఇస్తే లెక్క అడగలేరు. రెండింటికీ మధ్య చోటుంది. టెస్టు మాత్రం రాజమండ్రిలోనో రావులపాలెంలోనో పరాయి షాపులో చేయించండి. సరుకు వేయడానికి వెళ్లినప్పుడు చూపించానంటే సరిపోతుంది. పని అతనికే ఇవ్వండి, సామాన్లు మాత్రం మీరే బిల్లు మీద కొనండి. "బాబూ, చీటీ డబ్బు, మీ అన్నయ్యకు రూపాయి రూపాయి లెక్క చెప్పాలి, లిస్టు రాసివ్వు, నేనే కొనుక్కొస్తాను, నీ కూలీ నీకు వేరుగా ఇస్తాను" అనండి. ఇందులో అతన్ని అనుమానించిన మాట ఒక్కటీ లేదు. కూలీ సగం ఇప్పుడు, సగం వెయ్యి కిలోమీటర్లు తిరిగాక. పాత పిస్టన్లు, బేరింగులు ఇంటికి తెచ్చి గోనెలో పడేసుకోండి. పనికొచ్చి కాదు, అవి మీకు ఇవ్వాల్సి వస్తుందని తెలిస్తే మార్చకుండా మార్చామని ఎవరూ చెప్పరు.

అదే అబ్బాయి చెప్పిన చిక్కటి ఆయిల్ సంగతి. ఇక్కడ మాత్రం నేను రెండు వైపులా మాట్లాడను. ఆ ఆయిల్ నెల రోజులు పొగ దాస్తుంది, ఇంజన్‌ను బాగుచెయ్యదు. కొబ్బరికాయల లోడుతో ఆయన నాలుగుసార్లు వంతెన ఎక్కేసరికి బయటపడుతుంది. అప్పుడు ఆయన వచ్చేది మరిది షెడ్డుకు కాదు, మీ అరుగు మీదికి, మీ అత్తగారి ఎదుటికి. 65,000కీ 40,000కీ తేడా 25,000. మీ డబ్బాలు ఎవరి పేరు చూసి కొంటున్నారో ఆ పేరు ఖరీదు అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఆయనకే అమ్మాలనుకుంటే టెస్టు కాగితం చేతిలో పెట్టి, "ఇంజన్ చెయ్యాలి బాబాయ్, ఇంత అవుతుందన్నారు" అని చెప్పి, బ్రోకరు ధర మీద నాలుగైదు వేలు ఎక్కువ అడగండి. పదిహేనేళ్లుగా ఆ బండిని చూసిన మనిషి, ఇస్తాడనే అనుకుంటున్నాను. పేరు మార్పు పూర్తయ్యాక, అమ్మకానికి పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, ఆర్సీ ఆయన పేరుకు మారేవరకు వెంటపడండి.

మీవారి ఈకో మాట కొట్టిపారేసేది కాదు. ఆయన్ను అడ్డం తిరిగినట్టుగా రాశారు కానీ, లెక్క ఒకసారి ఆయన వైపు నుంచి చూడండి. మీ బండికి 2024లో మామగారు 5,000 కట్టి రెన్యూవల్ చేయించారన్నారు, అంటే ఆర్సీ 2029 ఆగస్టు దాకా. అప్పటికి బండికి 20 ఏళ్లు. ఇరవై దాటిన కార్లకు రెన్యూవల్ ఫీజు 2025 ఆగస్టులో 10,000 చేశారు, ఫిట్‌నెస్ వేరే. కాబట్టి ఇంజన్ మీద పెట్టే 48,000 ఇంచుమించు మూడేళ్ల కోసమే అనుకోవాలి. నెలకు 1,300 పైచిలుకు. ఇప్పుడు మీరు పోసే ఆయిల్ ఖర్చే నెలకు వెయ్యి దాకా అవుతోంది, అది మిగులుతుంది. ఈకోకు లక్ష పోను 36 నెలల్లో కట్టేది 2,70,000. అదీ పాత బండే, దాని ఇంజన్ ఎవరు టెస్టు చేశారు? కాకపోతే 1196 సీసీ, నాలుగు సిలిండర్లు, లోడు మీద వంతెన హాయిగా ఎక్కుతుంది. మూడేళ్ల తర్వాత చేతిలో ఇంకా విలువున్న బండి ఉంటుంది, ఓమ్నీకి అప్పుడు పాత ఇనుము ధర.

కాకినాడ నుంచి కొత్తగా రెండు దుకాణాలు అడుగుతున్నాయని రాశారు. వాళ్ల ఆర్డరు నిలకడైనదైతే, పండగలు తీసేసి మామూలు నెలలో కూడా ఈఎంఐ పోగా మీ చేతిలో కూలీ మిగులుతుందంటే, మీవారిదే సరైన దారి. సంక్రాంతి నెల లెక్క చూసి ఈఎంఐ ఒప్పుకోకండి. పోయిన మహాలయ పక్షాల్లో ఎంత అమ్మారో ఆ పుస్తకం తీసి చూడండి. ఆ నెలలో 7,500 బరువనిపిస్తే ఈకో ఏడాది ఆగొచ్చు, ఈలోగా హెడ్డు పనో ఇంజన్ పనో చేసిన ఓమ్నీ మీకు లక్ష కూడబెట్టిపెడుతుంది.

తుక్కుకు ఇచ్చే దారి కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇస్తే సర్టిఫికెట్ ఇస్తారు, కొత్త బండి కొంటే పన్నులో కొంత తగ్గుతుంది. మీరు కొనేది పాత బండి కాబట్టి మీకు పెద్దగా కలిసిరాదు.

ఏమీ చేయకుండా ఆయిల్ పోసుకుంటూ తిరగడం? వేరే వ్యాపారమైతే నేను దాన్నీ ఒక దారిగానే చెప్పేవాణ్ని, నెలకు వెయ్యితో పోతుంది కదా అని. కానీ మీరు మోసేది పూతరేకులు. పైగా పొల్యూషన్ సర్టిఫికెట్ రావడం కష్టం.

ఇంజన్ దించడమే అయితే వారం, పది రోజులు బండి ఉండదు. మీ గోదావరి జిల్లాల్లో ఆషాఢం సారెల గిరాకీ నాకు తెలుసు, శ్రావణం సంగతి చెప్పక్కర్లేదు. మహాలయ పక్షాలు గానీ, సంక్రాంతి దాటాక పుష్యమాసం ఆఖరు రోజులు గానీ చూసుకోండి. చేశాక మొదటి వెయ్యి కిలోమీటర్లు 60 దాటకుండా, నిండు లోడు వేయకుండా నడపాలి. ఆ వెయ్యి అయ్యాక ఆయిల్ మార్చేయాలి, అందులో కొత్త భాగాల అరుగుడు పొడి ఉంటుంది.

మీ అత్తగారిని ఒక మాట అడగండి. మామగారు సర్వీసు లెక్కలు రాసుకున్న పుస్తకం ఏమైనా ఉందా అని. ఆ తరం వాళ్లు రాస్తారు. ఇంజన్ అంతకు ముందెప్పుడైనా దించారో లేదో అందులో ఉంటుంది, ఒకసారి ఓవర్‌సైజు పిస్టన్లు పడ్డ ఇంజన్ అయితే మళ్లీ కోయడానికి ఎంత మిగిలిందో చూడాలి. బేరం వస్తే లేచి వెళ్లిపోయే మనిషిని ఈ మాట మీద కూర్చోబెట్టొచ్చు కూడా.

ఈలోగా రెండు రోజులకోసారి పొద్దున్నే స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ చూడండి, ఆ ఇంజన్‌కు పట్టేదే మూడు లీటర్ల అటూఇటూ. రేడియేటర్‌లో నీళ్లు కూడా చల్లగా ఉన్నప్పుడే చూడండి. పూతరేకుల పెట్టెలు మూత బిగిసే డబ్బాల్లో పెట్టి బాగా వెనక్కు జరపండి, కిటికీలు తీసి నడపండి. టెస్టు అయ్యాక ఆ మూడు అంకెలూ, చెంచాడు ఆయిల్ పోశాక వచ్చిన అంకెలూ రాసి పంపండి.